గడియ పెట్టిన చెయ్యి

షూటింగుకు ఆదోనిలోని తన పత్తి మిల్లు ఇవ్వడానికి నాగేశ్వరయ్య రెండే షరతులు పెట్టాడు. ఒకటి, సినిమాలో మిల్లు యజమాని వేషం తనే వేస్తాడు. రెండు, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు పని తెలిసిన మనిషి షూటింగు దగ్గరే ఉండి నటులకు పని చూపించాలి. ఆ పని నబీ సాబ్‌కు తెలిసినట్టు ఆదోనిలోగాని ఎమ్మిగనూరులోగాని ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఆయన్నే పిలిపించాలి.

డైరెక్టరు యాసర్ రెండింటికీ అక్కడికక్కడే సరేనన్నాడు. నబీ సాబ్ అతని తండ్రి. యజమాని వేషం నాగేశ్వరయ్య చేతే వేయించాలని అతను హైదరాబాదులో బయల్దేరేటప్పుడే అనుకున్నాడు. ఎలా ఒప్పించాలో తెలియక తల పట్టుకున్నాడు. అడగకముందే ఆ మనిషి తనంతట తానే ముందుకొచ్చాడు. మిల్లు గేటు దాటి బయటికి వస్తూ యాసర్ తన అసిస్టెంటు దీపక్‌తో, "దొరికినాడు," అన్నాడు. ఎవరు ఎవరికి దొరికారో శనివారం దాకా తేలలేదు.

యాసర్ తొమ్మిదో తరగతిలో ఉండగా ఈ మిల్లు దూది గోదాములో మంటలు లేచాయి. అతని తల్లి నసీబ్‌బీ ఆ మిల్లులో దూది ఏరే పని చేసేది. ఆమె గోదాములోనే ఉండిపోయింది. మంట ఆరాక చూస్తే తలుపుకు బయటి నుంచి గడియ పెట్టి ఉంది. విచారణకు వచ్చినవాళ్లు వేడికి తలుపు బిగుసుకుందని తేల్చి వెళ్లిపోయారు. ఊరు వేరే మాట నమ్మింది. దూదికి నిప్పంటుకుంటే మొదట తలుపు మూయాలి. గాలి ఆడితే మంట కూలీలు పనిచేసే పక్క హాలుకు పాకుతుంది. పత్తి ముట్టిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. సరుకు కాపాడుకోవడానికి సేటు నాగేశ్వరయ్యే గడియ పెట్టించాడని ఊరు అనుకుంది. ఈ రోజుకీ అదే అనుకుంటోంది.

నబీ సాబ్ అప్పుడు ఆ మిల్లులో దూదిని బేళ్లుగా నొక్కే ప్రెస్సుకు మేస్త్రి. ఆ రోజు సంగతి ఆయన ఇంట్లో ఎత్తలేదు. భార్యకు నలభయ్యోదినం చేసి, పిల్లలిద్దర్నీ తీసుకుని ఎమ్మిగనూరు చేరాడు. మళ్లీ ఆదోని దారి తొక్కలేదు.

యాసర్ పెరిగి సస్పెన్సు సినిమాలు తీశాడు. అన్నీ ఆడాయి. అన్నింటిలోనూ ఎక్కడో ఒకచోట ఒక మనిషి మూసిన తలుపు ముందు నిలబడి ఉంటాడు. అదేమిటని విలేఖరులు అడిగితే, "తలుపు తీసేవాడు నాకక్కర్లేదు, తీయకుండా నిలబడేవాడు కావాలి," అనేవాడు. వాళ్లు అది సినిమా గురించి అనుకుని రాసుకునేవారు.

శనివారం పొద్దున అతను కారు తీసుకుని ఎమ్మిగనూరు వెళ్లాడు. చెల్లెలు షబానా తండ్రికి గళ్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంచింది. నబీ సాబ్ చొక్కా తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని కారెక్కాడు. సీటు బెల్టుతో కాసేపు పెనుగులాడి వదిలేశాడు. యాసర్ వంగి పెట్టాడు.

"పక్కింటి చెన్నమ్మ నీ సినిమా జూసిందంట," అన్నాడు ఊరు దాటాక. "ఆ రాత్రంతా పెరట్లోకి ఒంటిగా పోలేదంట. నిన్ను బాగ తిట్టింది."

"తిట్టిందంటే సినిమా బాగున్నట్టే నాయనా."

"జనాన్ని భయపెట్టేది గూడా ఒక పనేనా?"

"వాళ్లే టికెట్ కొనుక్కోని వస్తాండారు గదా."

"ఎందుకు వస్తారప్పా? ఇంట్లో భయం లేకనా?"

యాసర్ నవ్వాడు. ఈ ప్రశ్నకు విలేఖరులకు చెప్పే జవాబు ఒకటి అతని దగ్గర ఉంది. తండ్రికి అది చెప్పబుద్ధి కాలేదు.

"ఇంట్లో భయానికి తోడు ఉండరు నాయనా. హాల్లో పక్క సీట్లో ఎవురో ఒకరు ఉంటారు. ఆయప్పకు గూడా భయమైతాండాదని తెలిస్తే మనకు ధైర్యం. దానికి వస్తారు."

"యాడ భయపడతారో నీకెట్ల తెలుస్తాది?"

"తెర జూడను. జనాన్ని జూస్తా."

నిజంగానే అతను అలా చేసేవాడు. సినిమా విడుదలైన వారం ఎమ్మిగనూరు వచ్చి మ్యాట్నీకి వెళ్లేవాడు. కూర్చునేవాడు కాదు. పక్కగోడకు ఆనుకుని, తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడేవాడు. మగ్గాలు దిగి వచ్చినవాళ్లు, సంతకు వచ్చి బస్సు దాకా పొద్దు పుచ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదే అతని విద్య. చంపినవాణ్ణి జనం క్షమిస్తారు, వాడికి కారణం ఉంటే చాలు. చంపుతుంటే చూస్తూ నిలబడినవాణ్ణి క్షమించరు. తాము కూడా చూస్తూ కూర్చున్నామని ఆ మనిషి గుర్తు చేస్తాడు. అందుకని వాడి మీద కోపం.

"భయమైతే మనిషి ముఖం అబద్ధం చెప్తాది నాయనా," అన్నాడు యాసర్. "నవ్వుతాడు. ఈల కొడ్తాడు. పక్కోన్ని ఎగతాళి జేస్తాడు. చెయ్యి అబద్ధం చెప్పలేదు. అది పోయి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాది. నేను చేతులు జూస్తా. షూటింగులో గూడా ఒక కెమెరా చేతులకే పెడ్తా."

నబీ సాబ్ తువ్వాలు ఒళ్లోకి లాక్కున్నాడు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు. చాలా దూరం ఆయన అటే చూశాడు.

"ఈ దినం ఎవురి చేతులు జూడాల?"

"సేటువి," అన్నాడు యాసర్.

ఆయన తువ్వాలు మడిచి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

మిల్లు ఆవరణలో దీపక్ జనాన్ని కూర్చోబెట్టి ఉన్నాడు. కూలీల వేషాలకు యాసర్ బయటివాళ్లను తేలేదు. ఒకప్పుడు ఆ మిల్లులో పని చేసినవాళ్లనే వెతికి పిలిపించాడు. వాళ్లు చూడాలని అతని కోరిక. వాళ్లలో పెద్దది తిమ్మక్క. ఆమె నసీబ్‌బీ పక్కన కూర్చుని దూది ఏరిన మనిషి.

"మాకు మాటల్లేవా అప్పా?" అని తిమ్మక్క అడిగింది.

"లేవక్కా. నిలబడి చూస్తే చాలు," అన్నాడు దీపక్.

"అది మాకు బాగ వచ్చు లే," అంది ఆమె.

నాగేశ్వరయ్య పంచె, తెల్ల చొక్కాతో ఇంట్లోంచి నడిచే వచ్చాడు. మేకప్ మనిషి దగ్గరికి వస్తే వద్దన్నాడు. "సేటు వేషానికి సేటుకు రంగెందుకప్పా?" అన్నాడు. కూలీల వైపు చెయ్యెత్తాడు. తిరిగి చెయ్యెత్తినవాళ్లు లేరు. ఆయన అది కొత్త కానట్టు వాళ్లను దాటి నబీ సాబ్ దగ్గరికి వచ్చాడు.

"బాగుండావా నబీ?"

"ఉండా సేటు."

"కండ్లు అగపడ్తాండాయా?"

"అగపడాల్సినవి అగపడ్తాండాయి."

నాగేశ్వరయ్య నవ్వి దీపక్‌ను పిలిచాడు. నబీకి కుర్చీ గోదాము తలుపు పక్కన వేయమన్నాడు. అక్కడైతే నీడ ఉంటుందన్నాడు. యాసర్ విన్నాడుగాని పట్టించుకోలేదు. అతను వల తాడు చేతిలో పట్టుకున్న మనిషి. చేప ఎటు తిరుగుతోందో తప్ప అతనికి వేరే ధ్యాస లేదు.

తీయాల్సిన సీను ఇది. గోదాములో నిప్పు పడుతుంది. కూలిపిల్ల ఒకతె లోపల చిక్కుకుంటుంది. ఆ వేషం సాయిశ్రీది. లోపల పొగ యంత్రం పెట్టారు. తలుపు ఓరగా తీసి ఉంటుంది. సాయిశ్రీ లోపలి నుంచి తలుపు బాది అరుస్తుంది. యజమాని ఆవరణ దాటి వచ్చి తలుపు ముందు నిలబడతాడు. నాగేశ్వరయ్యకు ఇచ్చిన కాగితం అక్కడితో అయిపోయింది.

"ఆ తర్వాత?" అన్నాడు నాగేశ్వరయ్య.

"మీ ఇష్టం సేటూ. మీకేం తోస్తే అది చేయండి."

"రాయలేదా?"

"రాస్తే మీరు నటిస్తారు."

నాగేశ్వరయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాసర్‌కు కావలసింది ఆ ఖాళీ. ఒక కెమెరా ఈ మనిషి ముఖానికి, ఇంకొకటి గడియకు పెట్టించాడు. చెయ్యి గడియ మీదికి పోయిందా, పాత కూలీలంతా చూస్తారు. గడియ వైపు పోవడానికి జంకిందా, అదీ చూస్తారు. ఎటు కదిలినా తప్పించుకోలేడు. ఆ తర్వాత ఆ ముక్కను రాష్ట్రమంతా హాళ్లలో చూపిస్తాడు. జనం పక్క సీటు వైపు తిరిగి, వీడే అని చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఎమ్మిగనూరులో చాప మీద పడుకుని యాసర్ ఈ మనిషిని మనసులో ఎన్నో రకాలుగా చంపాడు. పెద్దయ్యాక చంపడం మీద ఆశ పోయింది. నలుగురి ముందు భయపడితే చూడాలి. అంతే కావాలి.

"గంట కొట్టిస్తావా?" అని నాగేశ్వరయ్య అడిగాడు.

"రికార్డు చేసింది పెడతాం."

"వద్దు. మన గంట ప్రెస్సు హాల్లో అట్లే ఉండాది. నిప్పు పడితే ఆపకుండ కొట్టేది. కొట్టించు. నిజం గంట లేకుంటే నాకు రాదు."

ముసలాయన నటుడి షోకులు పోతున్నాడని యాసర్ అనుకున్నాడు. కొట్టించమని దీపక్‌కు చెప్పాడు.

ఎండ నడినెత్తి మీద ఉంది. యాసర్ మానిటర్ ముందు కూర్చుని యాక్షన్ చెప్పాడు. గోదాము లోపల పొగ మొదలైంది. తలుపు సందులోంచి బయటికి పాకింది. లోపల సాయిశ్రీ అరిచింది. గంట మోగింది.

ఆ గంట వినగానే కూలీల్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ అలా చేయమని చెప్పలేదు.

నాగేశ్వరయ్య ఆవరణ దాటి వచ్చాడు. పరుగెత్తలేదు. తలుపుకు కాస్త దూరంలో ఆగి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మానిటర్‌లో ఒకవైపు ఆయన ముఖం. అందులో భయం లేదు. ఆయన తలుపు వైపు కూడా చూడడం లేదు. ఇంకోవైపు గడియ ఒక్కటే కనిపిస్తోంది. యాసర్ గడియ మీదే చూపు నిలిపాడు.

చెయ్యి వచ్చింది.

అది మానిటర్ అంచులోంచి వచ్చి తలుపును నెట్టి, గడియను ఎత్తి, పక్కకు లాగి, కొక్కెంలోకి దించింది. తడుముకోలేదు. గడియ ఎక్కడ ఉందో, ఎంత ఎత్తాలో, ఎటు లాగాలో ఆ చేతికి తెలుసు. యాసర్ ఇన్నేళ్లుగా చూడాలనుకున్నది చూశాడు. ఒక క్షణం అతనికి సంతోషం కలిగింది.

తర్వాత చొక్కా చెయ్యి కనిపించింది. గళ్ల చొక్కా.

అతను మానిటర్ మీది నుంచి తలెత్తి లేచాడు. నబీ సాబ్ తలుపుకు వీపు ఆనించి, గడియ మీద చెయ్యి బిగించి నిలబడి ఉన్నాడు. కుర్చీ పక్కకు పడి ఉంది. తువ్వాలు నేల మీద ఉంది.

"బ్లోయరు ఆపండ్రా," అని అరుస్తున్నాడు. "ఆడోళ్లను గేటు కాడికి తోలండి. ఎవురూ తలుపు కాడికి రావొద్దండి."

అది మేస్త్రి గొంతు. యాసర్ ఆ గొంతు విని ఎన్నో ఏళ్లయింది. ఎమ్మిగనూరు ఇంట్లో ఆ గొంతు ఎప్పుడూ లేదు.

లోపల సాయిశ్రీ తలుపు బాదుతోంది. బాదాలని కాగితంలో ఉంది. అరవాలని కూడా ఉంది. కెమెరా మనిషి కెమెరా వదల్లేదు. పొగ యంత్రం మనిషి పొగ ఆపలేదు. కూలీలు నిలబడిన చోటే నిలబడ్డారు. వాళ్లను నిలబడి చూడమన్నారు. యాసర్ కట్ చెప్పాలి. చెప్పలేదు. చూస్తూ నిలబడినవాణ్ణి జనం క్షమించరని ఊరూరా చెప్పినవాడు మానిటర్ పక్కన చూస్తూ నిలబడ్డాడు.

కదిలింది నాగేశ్వరయ్య ఒక్కడే. ఆయన నాలుగడుగులు వేసి నబీ సాబ్ మణికట్టు పట్టుకున్నాడు.

"వదులు నబీ," అన్నాడు. "సినిమా ఇది."

నబీ సాబ్ వదల్లేదు. నాగేశ్వరయ్య ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి గడియ లాగాడు. తలుపు తెరుచుకుంది. సాయిశ్రీ దగ్గుతూ బయటికి వచ్చి మెట్టు మీద కూలబడింది.

"తలుపెవరు వేశారండీ?" అంది ఊపిరి అందాక. "నాకొక మాట చెప్పొద్దా? చచ్చేలా కొడుతుంటే యాక్టింగ్ బాగుందని చూస్తున్నారా అందరూ?"

అందరూ నబీ సాబ్‌ను చూస్తున్నారు. ఆయన తన అరచేతిని చూసుకుంటున్నాడు. దీపక్ వచ్చి యాసర్ చెవిలో, "అన్నా, కెమెరాలు ఇంగా తిరుగుతాండాయి," అన్నాడు.

నాగేశ్వరయ్య వెనక్కి తిరిగి, కాటా గది వైపు నడుస్తూ, యాసర్‌ను రమ్మని తల ఊపాడు.

ఆ గదిలో ఒకప్పుడు పత్తి కుక్కిన పెద్ద సంచులు, బోరేలు, తూచేవారు. కాటా తీసేశారు. బల్ల ఒకటి మిగిలింది. నాగేశ్వరయ్య దాని మీద కూర్చున్నాడు.

"ఆ కెమెరా నా చేతికి పెట్టినావు గదా," అన్నాడు.

"మీకు తెలుసా?"

"పత్తి యాపారం జేసినోన్ని. బోరెం పైన చూపించే పత్తి ఎవురు జూస్తారప్పా? చెయ్యి లోపలికి పెట్టి, అడుగుది తీసి జూస్తాం. నువ్వు ఈ మిల్లు అడిగిన దినమే నీ అడుగుది జూసినా." ఆయన పంచె సర్దుకున్నాడు. "నువ్వు భయం అమ్ముకునేటోనివి. భయపెడితే మనిషిలోది బయట పడ్తాదని నీ నమ్మకం. అట్ల పడదు డైరెక్టరు సాబ్. ఇంతమంది చూస్తాంటే ఆ తలుపు ముందర ఎవురు నిలబడినా చెమట పడ్తాది. నా చెయ్యి వణికితే నువ్వేం కనుక్కుంటావు? భయంలో మనిషి ఏమైనా జేస్తాడు. అలవాటు అట్లా కాదు. గంట మోగితే మేస్త్రి చెయ్యి యాడికి పోవాలనో ఆడికే పోతాది. దాన్ని ఆపేకి మేస్త్రికి గూడా చేతగాదు."

యాసర్ గోడకు ఆనుకున్నాడు. రెండో షరతు, కుర్చీ, గంట. ఒక్కొక్కటీ ఇప్పుడు అర్థమయ్యాయి. తాను వేసిన వల తాడు మొదటి నుంచీ ఈ మనిషి చేతిలో ఉంది.

"ముందే చెప్పొచ్చు గదా," అన్నాడు.

"ఎవురికి? ఊరికా? సేటు తన తప్పు కూలోని మీదికి తోస్తాండాడనేవాళ్లు. నీకా? నువ్వు నా ముఖాన ఉమ్మేటోనివి." నాగేశ్వరయ్య గొంతు పెరగలేదు. "నా కూతురికి సంబంధం మాట్లాడేకి వచ్చినోళ్లు మన బజార్లో టీ తాగి, ఎవురో ఏదో చెప్తే అట్లే బస్సెక్కి పోయినారు. మార్కెట్టు యార్డులో నేను పోతే మాటలాగిపోతాయి. నా ఇంటామె చచ్చేముందర నా చెయ్యి పట్టుకోని అడిగింది, నువ్వే మూయిస్తివా అని. ఇంట్లో మనిషి. ఆమెకు గూడా నమ్మకం లేదు. అప్పుడు అనుకుంటి. నేను చెప్పను. వాళ్ల కండ్లతో వాళ్లే జూడాల. మీ నాయన చేత్తోనే చూపియ్యాల. నసీబ్‌బీ కొడుకే తీయాల ఆ బొమ్మ."

"అందుకని ఒక పిల్లను పొగలో పెట్టినారు."

"పెట్టింది నువ్వు. తీసింది నేను."

యాసర్ పక్కకు తిరిగాడు. కిటికీలోంచి ఆవరణ కనిపిస్తోంది. తండ్రి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తిమ్మక్క చెంబుతో నీళ్లు ఇస్తోంది. మిగతావాళ్లు దూరంగా గుంపు కట్టారు. ఒకరిద్దరు ఫోన్లు బయటికి తీశారు. సాయంత్రానికి ఊరంతా చూస్తుంది. నాగేశ్వరయ్య కోరుకున్నది అదే.

ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్న కోపం ఎటు పోవాలో తెలియక యాసర్‌లో తిరుగుతోంది. తండ్రి వైపు పోనివ్వడానికి అతనికి మనసు రాలేదు. అప్పుడు ఒక సంగతి తట్టింది. సినిమాల్లో అతను ఎప్పుడూ వదలకుండా చూసేది అదే. సీనులో ప్రతి మనిషీ ఎక్కడ నిలబడ్డాడు?

"సేటూ," అన్నాడు. "ఈ దినం మా నాయన గడియ పెడితే మీరు పోయి వేళ్లు విడదీసినారు. తలుపు తీసినారు. ఎవురూ చెప్పలేదు. ఆ దినం మీరు యాడుండారు?"

నాగేశ్వరయ్య చెయ్యి పంచె అంచు మీద ఆగింది.

"మా నాయన గడియ పెట్టిన సంగతి మీకు తెలుసు. అంటే చూసినారు. చూసినారంటే ఆడనే ఉండారు. ఆ దినం ఎందుకు తీయలేదు?"

ఆ పొద్దున నుంచి ఈ మనిషి మాట కోసం వెతుక్కోవడం ఇదే మొదటిసారి. యాసర్ కదలకుండా నిలబడ్డాడు. ఎంతసేపు ఆగాలో అతనికి తెలుసు.

"తీయబోయినా," అన్నాడు నాగేశ్వరయ్య చివరికి.

"మరి?"

"మిగతాది మీ నాయన్ని అడుగు." ఆయన బల్ల మీది నుంచి లేచాడు. "నా పేరు కడుక్కునేకి ఎంత గావాల్నో అంత నేను చూపిచ్చినా. అంతకు మించి నా నోటితో చెప్పను. చెప్తే మీ నాయన ఒక్కడే గాదు మునిగేది."

"మిమ్మల్ని నేనింగా వదల్లేదు సేటూ."

"తెల్సు," అన్నాడు నాగేశ్వరయ్య. తలుపు దగ్గర ఆగి, "చెమట తుడుచుకోని పో. ముసలోడు భయపడ్తాడు," అన్నాడు.

యాసర్ ఆవరణ దాటి వచ్చాడు. గుంపు పక్కకు తప్పుకుంది. ఫోన్లు కిందికి దిగాయి. అతను తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు. నబీ సాబ్ నీళ్లు తాగలేదు. చెంబు తిమ్మక్క చేతిలోనే ఉంది.

"నాయనా."

"ఆ పిల్లకు ఏమన్నా అయ్యిందా?"

"ఏం గాలేదు."

"నేను గంట విన్నా. అంతే తెల్సు. మళ్లీ సేటు చెయ్యి పట్టుకున్నాక తెలివొచ్చింది."

యాసర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఒక్క ప్రశ్న మిగిలి ఉంది. దానికి తెలీదు అనే జవాబు వస్తే తండ్రిని లేపి కారెక్కించి, ఎమ్మిగనూరు తీసుకుపోయి, ఈ ముక్కను చెరిపేసి, మళ్లీ ఆ మాట ఎత్తకుండా బతకొచ్చు. అది అలవాటు చేసిన పని. అలవాటు మీద పగ ఏముంటుంది? హాల్లో జనం కూడా ఇలాగే కూర్చుంటారు, లోపల ఒక జవాబు పెట్టుకుని, అదే రావాలని సీటు పట్టుకుని.

"గడియ పెట్టేటప్పుడు అమ్మ లోపల ఉందని నీకు తెలీదు గదా?"

నబీ సాబ్ కొడుకు ముఖంలోకి చూశాడు.

"తెల్సు," అన్నాడు.

యాసర్ లేవబోయాడు. నబీ సాబ్ అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఇరవై ఏండ్లాయ, సేటు మీద పగతో పెరిగినావు. అది నేను చూస్తా ఉన్నా. ఇప్పుడు ఆ పగంతా నా మీదికి వస్తాది. రానీ. దానికే ఈడికి వచ్చినా, నువ్వు పిలిచినావని గాదు. కానీ నేను నా అంతట గడియ పెట్టలేదప్పా. సేటు పెట్టమనలేదు. తలుపు మూయమని, గడియ పెట్టమని లోపల నుంచి అరిచింది మీయమ్మ."

"అమ్మనా? ఎందుకు?"

నబీ సాబ్ నోరు తెరిచాడు. అప్పుడు తిమ్మక్క చెంబు మెట్టు మీద పెట్టింది. ఆమె యాసర్‌ను చూడలేదు. గుంపులో నిలబడిన పాత కూలీలను ఒకసారి చూసి, నబీ సాబ్ వైపు తిరిగింది.

"నబీ," అంది. "ఆ మాట చావులోగా నోటెంట రానియ్యనని మా అందరి ముందర ఒట్టేసింటివి గదా."